ఇల్లు, వ్యాపార స్థలం మార్చేటప్పుడు పాటించవలసిన భద్రతా నియమాలు

ఉద్యోగ బదిలీలు, పిల్లల చదువులు, సొంత ఇంటి నిర్మాణం, వ్యాపార విస్తరణ వంటి కారణాలతో ఏటా వేలాది కుటుంబాలు ఒక చోటి నుంచి మరొక చోటికి తరలి వెళుతున్నాయి. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాదు నుంచి వెలగపూడికి మారినప్పుడు ఉద్యోగులు, వారి కుటుంబాలు దాదాపు 275 కిలోమీటర్ల దూరం సామాను తరలించుకోవలసి వచ్చింది. వీధి చివరి ఇంటికి మారినా, వేరే జిల్లాకు మారినా చేయవలసిన పనులు ఒక్కటే. అందులో పొంచి ఉండే ప్రమాదాలూ ఒక్కటే.

సామాను తరలింపులో పగిలిన అద్దం, గీతలు పడిన బీరువా గురించి బాధపడటం సహజం. అయితే వస్తువులను తిరిగి కొనుక్కోవచ్చు. మెట్ల మీద బరువుతో జారిపడిన హమాలీకి, మూత లేని సంపులో పడిన పసివాడికి, వాహనంలో సామానుపై కూర్చుని ప్రయాణిస్తూ కింద పడిన వ్యక్తికి జరిగే నష్టాన్ని పూడ్చటం సాధ్యం కాదు. ఈ ప్రమాదాలలో అధిక భాగానికి మూలం తొందరపాటు. తెల్లవారుజాము ముహూర్తానికి కొత్త ఇంట్లో పాలు పొంగించాలనే ఆత్రుతతో రాత్రికి రాత్రే సామాను దించటం, మాట్లాడుకున్న గంటలలోపే వాహనాన్ని ఖాళీ చేయాలని ఒత్తిడి తేవటం ఇందుకు ఉదాహరణలు. కొద్దిపాటి ముందుచూపుతో వీటిని నివారించవచ్చు.

ముందస్తు ప్రణాళిక

ముహూర్తానికి కుటుంబ సభ్యులు దేవుని పటం, పాలు, బియ్యం, పసుపు కుంకుమలతో గృహప్రవేశం చేసి, సామానును పగటి వేళ నిదానంగా తరలించుకోవటం ఉత్తమం. ముహూర్తం ఇంట్లో అడుగుపెట్టడానికే గాని బీరువా ఎక్కించడానికి కాదని గుర్తుంచుకోవాలి. పాఠశాలల సెలవుల కారణంగా మే, జూన్ నెలలలో ఎక్కువ కుటుంబాలు ఇళ్లు మారుతుంటాయి. అవి ఎండ తీవ్రంగా ఉండే రోజులు. కనుక బరువు పనిని ఉదయం 11 గంటలలోపు, తిరిగి సాయంత్రం 4 గంటల తరువాత పెట్టుకోవాలి. పనివారికి తాగునీరు, ఉప్పు కలిపిన మజ్జిగ అందుబాటులో ఉంచాలి. వానాకాలంలో వాహనానికి టార్పాలిన్ తప్పనిసరి. తడిసిన మెట్లపై గోనె సంచులు పరచిన తరువాతనే సామాను దించాలి.

వారం రోజుల ముందుగానే వస్తువుల జాబితా రాసుకొని, ప్రతి పెట్టెకు ఒక సంఖ్య వేసి, అందులో ఏమున్నదో పైన రాయాలి. బరువైన పుస్తకాలు, పాత్రలు చిన్న పెట్టెలలోను, తేలికైన బట్టలు, దిండ్లు పెద్ద పెట్టెలలోను సర్దాలి. కత్తులు, కత్తిపీట, పగిలే గాజు వస్తువులు ఉన్న పెట్టెలపై ఆ విషయం పెద్ద అక్షరాలతో రాయాలి. కత్తిపీట అంచుకు మందపాటి గుడ్డ చుట్టి కట్టకుండా ఇతర సామానుతో కలపరాదు.

బంగారం, నగదు, భూమి దస్తావేజులు, విద్యార్హత పత్రాలు, ఆధార్, బ్యాంకు పుస్తకాలు, నిత్యం వాడే మందులు, వైద్యుల చీటీలు సామాను వాహనంలో పంపరాదు. వీటిని ఒకే సంచిలో ఉంచి ఇంటి పెద్ద తన వెంట తీసుకొని వెళ్లాలి. మధుమేహం, రక్తపోటు ఉన్న పెద్దల మందులు పెట్టెలలో కలిసిపోయి రెండు రోజులపాటు దొరకకపోతే ప్రాణం మీదికి రావచ్చు.

రవాణా సంస్థ ఎంపిక

రోడ్డు రవాణా సంస్థల బాధ్యతలను 2007 నాటి రోడ్డు ద్వారా సరుకు రవాణా చట్టం నిర్దేశిస్తున్నది. ఇది 2011 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఈ చట్టం ప్రకారం కిరాయికి ప్రజల సరుకు రవాణా చేసే సంస్థ రిజిస్ట్రేషన్ పొంది ఉండాలి. సామాను అప్పగించేటప్పుడు దాని వివరాలు, విలువ తెలిపే పత్రాన్ని వినియోగదారుడు నింపి ఇవ్వాలి. సామాను స్వీకరించినట్లు సంస్థ రశీదు ఇవ్వాలి.

విలువ ప్రకటించే విషయంలో చాలామంది అశ్రద్ధ చూపుతున్నారు. నియమాల ప్రకారం సామాను పోయినా, పాడైనా సంస్థ చెల్లించవలసిన పరిహారం సాధారణంగా రవాణా చార్జీకి పది రెట్లకు పరిమితం. రవాణా చార్జీ రూ. 6,000 అయితే పరిహారం రూ. 60,000 మించదు. సామాను అంతకంటె విలువైనదైతే అధిక చార్జీ చెల్లించి ఎక్కువ విలువను ముందుగానే నమోదు చేయించుకోవాలి, లేదా విడిగా రవాణా బీమా తీసుకోవాలి. నష్టం జరిగినప్పుడు సామాను బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజులలోపు సంస్థకు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఇవ్వనిదే దావా వేయటానికి వీలుండదు.

పేరున్న సంస్థలను పోలిన పేర్లతో ప్రకటనలు ఇచ్చి, తక్కువ ధర చెప్పి, సామాను ఎక్కించిన తరువాత అదనపు సొమ్ము ఇస్తేనే దించుతామని బెదిరించే మోసగాళ్లు ఉన్నారు. వారి బారిన పడకుండా ఈ క్రింది జాగ్రత్తలు పాటించాలి.

- సంస్థ కార్యాలయాన్ని స్వయంగా చూడాలి. రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబరు పరిశీలించాలి.
- సంస్థ ప్రతినిధి ఇంటికి వచ్చి సామాను చూసిన తరువాతనే ధర మాట్లాడుకోవాలి. సామాను కట్టడం, ఎక్కించడం, దించడం, పై అంతస్తుల చార్జీ, టోల్ అన్నీ అందులో కలిసి ఉన్నాయో లేదో రాయించుకోవాలి.
- మొత్తం సొమ్ము ముందుగా చెల్లించరాదు. బయానా ఇచ్చి, మిగిలినది సామాను దిగి జాబితాతో సరిచూసుకున్న తరువాత చెల్లించేలా ఒప్పందం చేసుకోవాలి.
- వాహనం నంబరు, డ్రైవరు ఫోను నంబరు, లైసెన్సు వివరాలు రాసుకోవాలి. సామాను ఎక్కించే ముందు ఫోటోలు తీసి ఉంచుకోవాలి.
- సొమ్ము తిరిగి పంపుతామని చెప్పి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా, పిన్ నొక్కమన్నా అది మోసమని గ్రహించాలి. సొమ్ము పొందటానికి పిన్ అవసరం లేదు.

సేవలో లోపం జరిగితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను రెండు సంవత్సరాలలోపు ఆశ్రయించవచ్చు. సంస్థ కార్యాలయం వేరే నగరంలో ఉన్నప్పటికీ వినియోగదారుడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు.

బరువులు మోసేవారి భద్రత

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారం వయోజన పురుష కార్మికుడు ఒక్కడే మోసే బరువు 55 కిలోలు మించరాదు. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఇరుకు మెట్లపై, ఎండలో అంతకంటె చాలా తక్కువ బరువు కూడా ప్రమాదకరమే. ఇనుప బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గ్రైండరు వంటివాటిని ఎట్టి పరిస్థితులలోను ఒక్కరి చేత మోయించరాదు.

బరువు ఎత్తేటప్పుడు నడుము వంచరాదు. మోకాళ్లు వంచి, వస్తువును శరీరానికి దగ్గరగా పట్టుకొని, కాళ్ల బలంతో లేవాలి. పక్కకు తిరగవలసి వస్తే నడుమును మెలితిప్పక పాదాలు కదిపి తిరగాలి. మెట్లపై బీరువా దించేటప్పుడు తలుపులకు తాళం వేసి, సొరుగులు తీసివేసి, పైనుంచి ఒకరు మోకుతో పట్టి ఉండాలి. బరువు జారితే కింద ఉన్న వ్యక్తి తప్పుకొనే చోటు ఉండాలి. దానిని ఆపటానికి ప్రయత్నించటం ప్రాణాంతకం.

బాల్కనీ నుంచి మోకుతో సామాను దించే సమయంలో కింద ఎవరూ నిలబడకుండా చూడాలి. మోకును పాత పిట్టగోడకు గాని, తుప్పు పట్టిన ఊచలకు గాని కట్టరాదు. ఇనుప మంచం, నిచ్చెన, కర్టెన్ కడ్డీల వంటి పొడవైన లోహపు వస్తువులను డాబా మీదికి ఎత్తేటప్పుడు సమీపంలోని విద్యుత్ తీగలను గమనించాలి. 11 కేవీ లైను సమీపానికి కడ్డీ వెళితే, తీగను తాకకపోయినా విద్యుదాఘాతం సంభవించవచ్చు.

లిఫ్టులో రాసి ఉన్న బరువుకు మించి ఎక్కించరాదు. తలుపు మూసుకోకుండా పెట్టెలు అడ్డం పెట్టరాదు. గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స చేయించుకున్నవారు, గుండె జబ్బు ఉన్నవారు బరువులు ఎత్తరాదు. పిల్లలను, వృద్ధులను ఆ ఒక్క పూట బంధువుల ఇంట గాని, పొరుగింట గాని ఉంచటం మేలు.

వంట గ్యాసు

గృహావసరాల సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. సిలిండరు బరువుతో కలిపి అది సుమారు 30 కిలోలు. వంట గ్యాసు గాలికంటె బరువైనది. లీకైనప్పుడు పైకి పోక నేలబారున, సామాను సందులలో నిలిచి ఉంటుంది. అందుచేత మూసిన వాహనంలో లీకైన సిలిండరు చిన్న నిప్పురవ్వకే అంటుకోగలదు.

తరలించే ముందు రెగ్యులేటరు నాబ్ మూసి, దానిని తొలగించి, సిలిండరుకు భద్రతా మూత బిగించాలి. సిలిండరును నిలువుగానే ఉంచాలి. దొర్లించరాదు, పడుకోబెట్టరాదు. కిరోసిన్, పెయింట్లు, థిన్నరు, బాణసంచా, బ్యాటరీలతో కలిపి ఉంచరాదు. ద్విచక్ర వాహనంపై నిండు సిలిండరు తీసుకొని వెళ్లడం గ్యాస్ సిలిండర్ల నియమాలకు విరుద్ధం.

దూర ప్రాంతానికి మారేవారు సిలిండరును వెంట తీసుకొని వెళ్లనవసరం లేదు. ప్రస్తుత పంపిణీదారుకు సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, డిపాజిట్ సొమ్ము, బదిలీకి సంబంధించిన పత్రం తీసుకొని, కొత్త చోట దాని ఆధారంగా కనెక్షన్ పొందవచ్చు. కొత్త ఇంట్లో సిలిండరు బిగించిన తరువాత లీకును సబ్బు నురుగుతోనే పరీక్షించాలి. అగ్గిపుల్లతో పరీక్షించరాదు. రబ్బరు గొట్టం పగుళ్లు బారి ఉంటే పాలు పొంగించే ముందే మార్చుకోవాలి.

విద్యుత్ ఉపకరణాలు

ఫ్రిజ్‌ను ఒక రోజు ముందుగా ఆపి, మంచు కరిగించి, నిలువుగా తరలించాలి. దించిన తరువాత కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి. ఇన్వర్టరు బ్యాటరీలో గంధకామ్లం ఉంటుంది కనుక అది ఒరగకుండా చూడాలి. దాని ధ్రువాలపై లోహపు వస్తువులు పడితే నిప్పురవ్వలు వస్తాయి. అందువల్ల వాటికి రబ్బరు మూతలు పెట్టి, మోసేటప్పుడు చేతి తొడుగులు ధరించాలి.

ఏసీని విప్పే పనిని శిక్షణ పొందిన మెకానిక్‌కే అప్పగించాలి. ఇటీవలి ఏసీలలో వాడుతున్న ఆర్-32 వాయువు కొంతమేరకు మండే స్వభావం కలది. వాయువును సక్రమంగా కంప్రెసరులోకి మళ్లించకుండా గొట్టాలు విప్పితే ప్రమాదం జరుగుతుంది. బయటి యూనిట్ కోసం కిటికీ సజ్జాపై నిలబడే మెకానిక్ భద్రతా బెల్టు ధరించేలా చూడవలసిన బాధ్యత పని చేయించుకొనేవారిపై కూడా ఉంది.

వాహనంలో ప్రయాణం

ట్రాలీ ఆటో, డీసీఎం వ్యాను, లారీ ఏదైనప్పటికీ అనుమతించిన బరువు దాని రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటుంది. ఒకే విడతలో ముగించాలని పరిమితి మించి ఎక్కిస్తే బ్రేకులు పట్టవు, మలుపులలో వాహనం పక్కకు ఒరుగుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అధిక బరువుకు రూ. 20,000, దానిపై ప్రతి అదనపు టన్నుకు రూ. 2,000 జరిమానా నిర్దేశించింది. బరువైన వస్తువులు కిందను, డ్రైవరు క్యాబిన్ వైపు ఉంచి, రెండు వైపులా సమానంగా సర్ది, తేలికైనవి పైన పెట్టాలి. బయలుదేరిన కొద్ది కిలోమీటర్ల తరువాత ఒకసారి ఆగి మోకులు బిగుతుగా ఉన్నాయో లేదో చూడాలి.

సామానుపైన మనుషులు కూర్చొని ప్రయాణించటం అన్నిటికంటె పెద్ద ప్రమాదం. పరుపులు జారకుండా పట్టుకోవటానికని హమాలీలను, కిరాయి కలిసివస్తుందని ఇంటి పిల్లలను వెనుక ఎక్కించటం అలవాటుగా మారింది. వాహనం పైభాగాన ప్రయాణించటాన్ని మోటారు వాహనాల చట్టంలోని 123వ సెక్షన్ నిషేధించింది. బీమా విషయంలోనూ నష్టం తప్పదు. 1994 సవరణ తరువాత సరుకు వాహనంలో వెళ్లే సరుకు యజమానికి గాని, అతని అధీకృత ప్రతినిధికి గాని బీమా వర్తిస్తుంది. ఊరికే వెంట ప్రయాణించేవారికి అది వర్తించదని సుప్రీంకోర్టు 2004లో స్పష్టం చేసింది. కనుక కుటుంబ సభ్యులు బస్సులో గాని, రైలులో గాని, వేరే వాహనంలో గాని వెళ్లాలి. యజమాని సామాను వెంట వెళ్లదలిస్తే క్యాబిన్‌లోనే కూర్చోవాలి. హమాలీలకు బస్సు చార్జీ ఇవ్వటం బరువైన ఖర్చు కాదు.

కొత్త ఇంట్లో తొలి రోజు

సామాను దించే హడావుడిలో పెద్దల దృష్టి పెట్టెలపై ఉండగా పిల్లలు కొత్త ఇంటిని చూడటానికి పరుగెత్తుతారు. ఆ ఇంట్లో సంపు ఎక్కడ ఉందో, పిట్టగోడ ఎంత ఎత్తున్నదో వారికి తెలియదు. కనుక సామాను దించటానికి ముందే సంపు మూత, డాబా తలుపు, మెట్ల రెయిలింగు పరిశీలించాలి. సంపు మూత పిల్లలు ఎత్తలేనంత గట్టిగా ఉండి, తాళం వేసే వీలు కలిగి ఉండాలి. పలుచని రేకు ముక్క మూత కాజాలదు.

చాలాకాలంగా మూసి ఉన్న సంపులో ప్రాణవాయువు తక్కువగా ఉండవచ్చు. శుభ్రం చేయటానికి ఒంటరిగా ఎవరినీ దింపరాదు. మూత తెరిచి చాలాసేపు గాలి ఆడనివ్వాలి. దిగినవారు స్పృహ తప్పితే కాపాడాలని వెంటనే మరొకరు దూకరాదు. అలా దూకినవారూ స్పృహ కోల్పోయే ప్రమాదం ఉంది. వెంటనే 101కు గాని, 112కు గాని ఫోను చేయాలి. సెప్టిక్ ట్యాంకులోకి తగిన రక్షణ పరికరాలు లేకుండా మనుషులను దింపటం 2013 చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం. దానిని యంత్రంతోనే శుభ్రం చేయించాలి.

ఖాళీగా ఉన్న ఇళ్లలో మూలలు, అటకలు, స్నానాల గది తూములు చూసుకొని సామాను పెట్టుకోవాలి. పాము, తేలు కనిపించవచ్చు. పాము కాటు వేస్తే కాటు వేసిన చోట కోయటం, బిగించి కట్టటం చేయరాదు. రోగిని కదలనివ్వకుండా 108 వాహనంలో ఆసుపత్రికి చేర్చాలి. ఎర్తింగ్ సరిగా ఉన్నదీ లేనిదీ ఎలక్ట్రీషియన్ చేత పరీక్షింపజేసిన తరువాతనే గీజరు, మోటారు వాడాలి. పాత అద్దెదారుల వద్ద తాళం చెవులు ఉండే అవకాశం ఉన్నందున ప్రధాన ద్వారం తాళం మార్చుకోవాలి. కొత్తగా రంగులు వేసిన ఇంట్లో కిటికీలు తెరిచి ఉంచి, రంగు డబ్బాలు, థిన్నరు తొలగించిన తరువాతనే హోమం చేసుకోవాలి.

దుకాణాలు, కార్యాలయాలు

వ్యాపార స్థలం మార్చేవారికి మరికొన్ని బాధ్యతలు ఉన్నాయి. అగ్నిబీమా పాలసీ అందులో రాసిన చిరునామాకే వర్తిస్తుంది. బీమా సంస్థకు ముందుగా తెలిపి అంగీకారం పొందకుండా సరుకును కొత్త గోదాముకు మారిస్తే అక్కడ జరిగిన నష్టానికి పరిహారం అందకపోవచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో చిరునామా మార్పును 15 రోజులలోపు నమోదు చేయించాలి. మరొక రాష్ట్రానికి మారితే అక్కడ కొత్త రిజిస్ట్రేషన్ అవసరం. రూ. 50,000 మించిన సరుకును అమ్మకం కాకపోయినా వాహనంలో తరలించటానికి ఈ-వే బిల్లు కావాలి. వాడిన గృహోపకరణాలకు, వ్యక్తిగత వస్తువులకు దీని నుంచి మినహాయింపు ఉంది.

మందుల దుకాణం లైసెన్సు ఆ స్థలానికే పరిమితం. కొత్త స్థలానికి లైసెన్సు పొందకుండా అక్కడ మందుల అమ్మకం ప్రారంభించరాదు. ఆహార పదార్థాలు, ఎరువులు, పురుగు మందుల వ్యాపారులు కూడా సంబంధిత అధికారులను ముందుగా సంప్రదించాలి. రసాయనాలు, యాసిడ్లు, పెయింట్లను ఇతర సామానుతో కలపక విడి వాహనంలో పంపాలి. ప్రమాదకరమైన సరుకు ఉన్న విషయాన్ని రవాణా సంస్థకు ముందుగా తెలియజేయాలి. కంప్యూటర్లలోని లెక్కల నకలును వేరుగా భద్రపరచుకోవాలి. కొత్త స్థలంలో అగ్నిమాపక సిలిండర్లు అమర్చి, బయటకు పోయే దారి ఖాళీగా ఉంచిన తరువాతనే సరుకు నింపటం ప్రారంభించాలి. రెండవ ద్వారానికి అడ్డంగా పెట్టెలు పేర్చటం వల్ల మంటలు చెలరేగినప్పుడు సిబ్బంది లోపలే చిక్కుకుపోతారు.

చిరునామా మార్పు

స్థిరపడిన తరువాత ఆధార్, బ్యాంకు ఖాతా, బీమా పాలసీలలో చిరునామా మార్పించుకోవాలి. ఓటరు జాబితాలో నివాస మార్పునకు ఫారం 8 సమర్పించాలి. వాహన యజమాని 30 రోజులలోపు కొత్త చిరునామాను రవాణా శాఖకు తెలియజేయాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి వాహనం ఉంచితే ఆ రాష్ట్ర రిజిస్ట్రేషన్ పొందాలి.

అత్యవసర ఫోను నంబర్లు

- అన్ని అత్యవసర సేవలు: 112
- అంబులెన్సు: 108
- అగ్నిమాపక సేవలు: 101
- వంట గ్యాసు లీకు: 1906
- విద్యుత్ ఫిర్యాదులు: 1912
- జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్: 1915
- సైబర్ ఆర్థిక మోసాలు: 1930

ఈ నంబర్లను సామాను కట్టే రోజే ఒక కాగితంపై రాసి వెంట ఉంచుకోవాలి. కొత్త ఇంటి పూర్తి చిరునామా, సమీప గుర్తు కూడా అదే కాగితంపై ఉండాలి. కొత్త ప్రాంతంలో ఆపద ఎదురైనప్పుడు అంబులెన్సుకు ఇంటి దారి చెప్పలేక విలువైన నిమిషాలు కోల్పోకుండా ఇది ఉపకరిస్తుంది. సామాను ఒక పూట ఆలస్యంగా చేరినా నష్టం లేదు. సామాను మోసినవారు, ఇంటిల్లిపాది క్షేమంగా ఉన్నప్పుడే గృహప్రవేశం శుభప్రదం అవుతుంది.